మరి వాళ్ళమ్మెవరు?

ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం వెళ్ళిన బుధవారం, పొద్దున్న ఆరూ ఇరవైకి మా పెద్దమ్మ పోయింది. టైము నాకు బాగా గుర్తు. అప్పుడే పొయ్యి మీద కాఫీ పొంగింది. కాఫీ తాగకుండా ఆవిడ పక్కింటికి కూడా వెళ్ళేది కాదు. అలాంటిది అంత దూరం వెళ్ళేటప్పుడు ఒక్క అయిదు నిమిషాలు ఆగలేకపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడి, "ఇప్పుడిది ఎవరు తాగాలి?" అని అడిగాను. కాసేపు చూసి నేనే తాగాను.

తొంభై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అది ఏడవాల్సిన చావు కాదు, అందుకని ఎవరూ పెద్దగా ఏడవలేదు. మూడో రోజు ప్రార్థన కూడిక పెట్టి, పందిట్లో భోజనాలు వడ్డిస్తున్నాం. కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ పప్పు కలుపుకుంటూ పక్కావిడతో అంది:

"ఆ కరుణ పెళ్ళి అసలు వరసే కాదంట కదండి. అన్నాచెల్లెళ్ళవుతారంట. ఈ ముసలావిడే ఏదో చెప్పి నిలబెట్టేరంట. ఇప్పుడావిడ కూడా పోయేరు. ఇంకెవర్ని అడుగుతాం?"

కరుణ మా తమ్ముడి కూతురు. ఆ మాట అన్నప్పుడు ఆ బంతిలోనే, కొడుకుని చంకనేసుకుని మజ్జిగ పోస్తోంది. వింది. గ్లాసు నిండి పొర్లేదాకా పోసి, నా వైపు చూసింది. "నువ్వు చెప్పు అత్తా" అన్నట్టు చూసింది. నేను చెప్పబోయాను. కానీ నాకు కోపం ముందొస్తుంది, మాట వెనకొస్తుంది. "ముందు మీరు పప్పు తినండి" అన్నంతవరకూ బాగానే వచ్చింది. తర్వాతదంతా తిట్టులాగా వచ్చింది. ఆవిడ పప్పు వదిలేసి లేచిపోయింది.

అందుకని కూర్చుని రాస్తున్నాను. రాసేటప్పుడు కోపమొస్తే కలం పక్కన పెట్టొచ్చు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. నేర్పింది కరుణే, అప్పుడు ఆరో క్లాసు. గచ్చు మీద సుద్దముక్కతో దిద్దించేది. తప్పు రాస్తే వాళ్ళ టీచరు అన్నట్టే "అత్తా, గోడకేసి తిరిగి నిలబడు" అనేది. నిలబడేదాన్ని. ఆ పిల్ల కాపురాన్ని ఎవరో పప్పన్నం తింటూ వరస కాదంటే నేను ఊరుకోను. పెద్దమ్మ ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో రాస్తాను. అది తెలియాలంటే ముందు ఆవిడ ఎలాంటి మనిషో తెలియాలి.

మా పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పిల్లల్లేరు. మొగుడు పోయాక చెల్లెలి ఇంటికి వచ్చింది. చెల్లెలు పోయినా అక్కడే ఉంది. నా మొగుడు పోయి నేను మా తమ్ముడి వాకిట్లో గది వేసుకుని చేరేటప్పటికి, ఆ ఇంటికి సొంతదారులా అరుగు మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి. చెవులు మాత్రం పెద్దవి. ఎప్పుడో బరువు కమ్మలు వేలాడి తమ్మెలు సాగిపోయాయి. మాట్లాడుతుంటే అవి కూడా ఊగేవి. కోపంగా మాట్లాడితే ఎక్కువ ఊగేవి.

గడపెక్కిన మనిషిని "బావున్నారా" అని అడగడం ఆవిడకి చేతకాదు. "ఎవరి బిడ్డవి?" అని అడిగేది. తండ్రి పేరు చెబితే ఈగని తోలినట్టు చెయ్యి విదిలించేది. "అది సరే. మరి వాళ్ళమ్మెవరు?" అమ్మ పేరు చెబితే, "ఆవిడమ్మ?" అది కూడా చెబితే, "ఆవిడమ్మ?" ఎంతటివాళ్ళయినా మూడో అమ్మ దగ్గర నీళ్ళు నమిలేవారు. "అమ్మమ్మా అనేవాళ్ళమండి, పేరు తెలీదండి" అనేవారు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి.

"అన్నం పెట్టిన మనిషి పేరు తెలీదా? కోడి పేరు తెలుసునా పోనీ?"

మగవాళ్ళ లెక్క ఆవిడ పెట్టుకునేది కాదు. "ఇంటిపేరు రేషన్ కార్డు మీద ఉంటాది, ఓటరు లిస్టులో ఉంటాది, సమాధి రాయి మీద ఉంటాది. దాన్ని చూసుకోడానికి గవర్నమెంటుంది. అమ్మల్ని ఎవరు చూస్తారు? నేను చూస్తాను" అనేది.

అమలాపురం బస్సులో కండక్టరు టిక్కెట్టు అడిగితే వాళ్ళమ్మ పేరడిగేది. నగరం అనే ఊరి దగ్గర గ్యాసు పైపులు చూసే కుర్రాడొకడు మా గట్టు మీద గుర్తు రాయి వెతుక్కుంటూ వచ్చి, మంచినీళ్ళడిగాడు. నీళ్ళకి ముందు అమ్మ పేరు, ఆవిడ అమ్మ పేరు చెప్పాల్సి వచ్చింది. మూడో అమ్మ దగ్గర మా ముత్తవ్వ చెల్లెలు తగిలింది. ఇంకేముంది, మనవడయ్యాడు. చేపల పులుసుతో అన్నం తినేదాకా కదలనివ్వలేదు. ఆ కుర్రాడు తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా "మామ్మగారూ, ఇవాళేం కూరండి?" అని బండి ఆపేవాడు. నాకు వాడి పేరు ఇప్పటికీ సరిగ్గా రాదు. వాడి అమ్మమ్మ పేరు వచ్చు.

చెప్పేటప్పుడు ఆవిడ తన వేళ్ళు లెక్కపెట్టేది కాదు. మన వేళ్ళు లెక్కపెట్టేది. "చెయ్యి ఇటివ్వు" అని లాక్కుని, మణికట్టు దగ్గర బొటనవేలితో నొక్కి, "ఇది నూకాలు" అనేది. నూకాలంటే ఆవిడకి అమ్మమ్మ, నాకు ముత్తవ్వ. అక్కణ్ణించి ఒక్కో వేలూ ఒక్కో బిడ్డ, ఒక్కో కణుపూ ఒక్కో తరం. గోరు దగ్గరికి వచ్చేటప్పటికి మనం. ఆ గోరు మీద నొప్పి పుట్టేలా నొక్కి, "ఇది నువ్వు. గుర్తుంటాదా?" అనేది. ఉంటుందని చెప్పేదాకా వదిలేది కాదు. మా ఇంట్లో పిల్లలు ఆవిణ్ణి చూస్తే చేతులు వెనక్కి పెట్టుకుని నడిచేవాళ్ళు.

ఇంకో గొడవ ఏమిటంటే, ఉన్నదున్నట్టు చెప్పేది. మా బంధువుల్లో ఉద్యోగాలొచ్చినవాళ్ళున్నారు, మేడలు కట్టినవాళ్ళున్నారు. ఒకాయన తన పదవీ విరమణ సభలో మా వంశం గురించి నాలుగు మాటలు చెప్పించాలని ఆవిణ్ణి కారులో తీసుకెళ్ళాడు. "రైతు కుటుంబం అని చెప్పు పెద్దమ్మా, చాలు" అన్నాడు. ఈవిడ మైకు పట్టుకుని, "రైతులం కాదండి, కూలీలం. చేను వాళ్ళది, నడుం మాది. మా తాత కొబ్బరికాయలు కూడా దొంగిలించేడు. మంచి దొంగ కాదు, ప్రతిసారీ దొరికిపోయేవాడు" అంది. సభంతా చప్పట్లు. ఆయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మేం క్రైస్తవంలోకి ఎలా వచ్చామంటే, మా ముత్తాత వాక్యం విని మారాడని అందరూ చెబుతారు. ఈవిడ పాస్టరు గారి ఎదురుగానే, "వాక్యం కాదయ్యగారూ, వాన. తడుస్తానని గుళ్ళో దూరేడు. లోపల పాట బాగుంది, ఉండిపోయేడు" అనేది. పాస్టరు గారు నవ్వి, "వాన పంపించింది ఎవరు మామ్మగారూ?" అనేవారు. "అది మీరు చెప్పాలి. వాన వరకూ నేను చెప్పేను" అనేది.

నాకు అక్షరాలు వచ్చిన కొత్తలో ఎగిరి గంతేసి, "పెద్దమ్మా, నువ్వు చెప్పేవన్నీ నేను రాసేస్తాను" అన్నాను. మురిసిపోతుందనుకున్నాను. మొహం ముడుచుకుంది.

"రాయొద్దు."

"ఏం?"

"రాసేస్తే నన్నెవరు అడుగుతారు? అందరూ దాన్నే చూసుకుంటారు. నేను ఈ అరుగు మీద కూచుని ఏం చెయ్యాలి, ఈగలు తోలుకోనా?"

అందుకని రాయలేదు. ఇప్పుడు రాస్తే అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

ఇక కరుణ ప్రధానం, అంటే నిశ్చితార్థం సంగతి.

కరుణ అమలాపురంలో నర్సుగా చేస్తోంది. అబ్బాయి పేరు అనిల్. వాళ్ళది కొత్తపేట దగ్గర. దోహాలో ఏసీ మెకానిక్కు. నెల రోజుల సెలవు మీద వచ్చాడు. పాస్టరు గారి ద్వారా వచ్చిన సంబంధం. ఇంటిపేర్లు వేరు, ఊళ్ళు వేరు, తండ్రుల వైపు ఎక్కడా తగల్లేదు. పిల్లా పిల్లాడూ ఒకళ్ళకొకళ్ళు నచ్చారు. నచ్చారంటే మామూలుగా కాదు. మొదటి రోజు పావుగంట మాట్లాడుకోమంటే, గేదెలకి కుడితి పెట్టే వేళ దాటిపోయినా బయటికి రాలేదు. అబ్బాయి సెలవులోనే ప్రధానం, పెళ్ళి రెండూ అయిపోవాలి. ఇప్పుడు తప్పితే మళ్ళీ రెండేళ్ళకి గాని రాడు.

ఇవన్నీ కుదిరిన వారం పెద్దమ్మ కంటికి ఆపరేషన్ చేయించుకుని, మా చుట్టాలింట్లో చీకటి గదిలో పడుకుని ఉంది. అందుకని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. తిరిగొచ్చాక తెలిసి మూతి ముడుచుకుంది. "నన్నడక్కుండా మనవరాల్ని ఇచ్చేస్తున్నారా? మరి ఆ కుర్రోడి నాన్నకి అమ్మెవరు?" అంది. మా తమ్ముడు సుందరం దణ్ణం పెట్టాడు. "పెద్దమ్మా, నీకు పుణ్యం ఉంటాది. ప్రధానం రోజున ఎవర్నీ ఏమీ అడక్కు. నవ్వుతూ కూచో, చాలు."

"నేనెందుకడుగుతాను?" అంది.

ప్రధానం ఆదివారం, ఆరాధన అయ్యాక. కొబ్బరాకు పందిరి వేశాం. వాళ్ళు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. అబ్బాయి తండ్రి మెతక మనిషి, మాట బయటికి రాదు. మాటంతా ఆయన అన్నగారిది. దావీదు గారని, రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం. బోర్లించిన గంగాళంలా పొట్ట, తెల్ల చొక్కా, పెద్ద గొంతు. ఆయన సరిగ్గా వచ్చి పెద్దమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. పెద్దమ్మ నవ్వుతూ కూర్చుంది. ఎంతసేపు? వంట పొయ్యి మీద అన్నం ఒక పొంగు వచ్చేదాకా.

"మీ అమ్మగారి పేరేంటి బాబూ?"

"మా అమ్మ మార్తమ్మండి."

"ఆవిడమ్మ?"

ఎవరైనా ఇక్కడ ఆగిపోతారు కదా. దావీదు గారు ఆగలేదు. ఎదురు చూస్తున్నట్టు ఉత్సాహంగా చెప్పాడు. "మా అమ్మమ్మ కాంతమ్మండి. నన్ను పెంచింది ఆవిడేనండి. ఆయ్. లంకలో పుట్టిందండి, గోదాట్లో కలిసిపోయింది చూడండి, ఆ లంకలో. సువార్తమ్మ అని అక్క ఉండేదంట. పెళ్ళయ్యి ఏటికి ఇవతలకి వచ్చేసేక మరి రాకపోకలు లేవండి."

సువార్తమ్మ మా అమ్మమ్మ. పెద్దమ్మకి కన్నతల్లి. కాంతమ్మ పిన్ని, కాంతమ్మ పిన్ని అని పెద్దమ్మ నోటంట మేం చిన్నప్పటినించీ విన్నాం.

పందిరి అంతా లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ లెక్క మా వైపు చంటిపిల్లలకి కూడా వచ్చు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ కూతుళ్ళు, అంటే మా అమ్మా, దావీదు గారి అమ్మా, అక్కచెల్లెళ్ళు. వాళ్ళ కొడుకులు, అంటే మా సుందరమూ, అబ్బాయి తండ్రీ, అన్నదమ్ములు. అన్నదమ్ముల పిల్లలు?

ఉంగరాల పళ్ళెం పట్టుకున్న మా మరదలు రత్నం దాన్ని కుర్చీ మీద పెట్టేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనిల్ లేచి నిలబడ్డాడు. కరుణ కూర్చున్నచోటే, వేళ్ళకి పెట్టుకున్న గోరింటాకు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ పిల్ల ఏడిచి ఉంటే బాగుండేది. ఏడవలేదు.

"ఎంత పని జరగబోయిందండి!" అన్నాడు దావీదు గారు. గొంతు సగానికి పడిపోయింది. "పెద్దమ్మగారూ, దేవుడే మీచేత అడిగించేడండి. పిల్లల్ని అన్యాయం చేసేద్దుమండి."

సుందరం పెద్దమ్మ వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. "అడగొద్దని చెప్పేనా లేదా?" అన్నాడు. "కడుపు చల్లబడిందా ఇప్పుడు?"

 పెద్దమ్మ చెవి తమ్మెలు ఊగలేదు. నేను ఆవిణ్ణి అంతకాలం చూశాను గాని, అడిగినదానికి జవాబు చెప్పకుండా కూర్చోవడం అదే మొదటిసారి. నేల చూపులు చూస్తోంది. పాస్టరు గారు బైబిలు మూసేశారు. వాళ్ళవైపు ఆడవాళ్ళు పూతరేకుల బుట్టలు తీసుకోవాలా, వదిలెయ్యాలా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు కరుణే లేచి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మామ్మా, నిజంగా అక్కచెల్లెళ్ళేనా?"

"మా అమ్మకి మాటిచ్చేనే" అంది పెద్దమ్మ, చాలా చిన్నగా. "చెప్పనని మాటిచ్చేను."

"ఎవరికి చెప్పనని?"

పెద్దమ్మ కరుణ బుగ్గ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ముక్కు చీది, దావీదు గారి వైపు తిరిగి, "చెయ్యి ఇటివ్వు నాయనా" అంది.

అరటి గెలలు మోసిన చెయ్యి. పెద్దమ్మ చేతుల్లో చేటలా ఉంది. మణికట్టు మీద నొక్కింది.

"ఇది నూకాలు. మా అమ్మమ్మ. నూకాలికి అప్పన్న అని ఒక తమ్ముడు. పెళ్ళాం పురిట్లో పోయింది. వాడు నెలల పిల్లని తెచ్చి అక్క ఒళ్ళో పెట్టి, రంగం పోయేడు. రంగూనంటారు చూడు, అది. మరి రాలేదు. అప్పటికి నూకాలి ఒళ్ళో పాలు తాగే పిల్ల ఉంది, అది మా అమ్మ. ఇటొకళ్ళు, అటొకళ్ళు తాగేరు. ఆ తమ్ముడి కూతురే మీ అమ్మమ్మ కాంతమ్మ."

దావీదు గారు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. పెద్దమ్మ వదల్లేదు.

"అంటే మా అమ్మమ్మ దిక్కులేని పిల్లంటారా?" ఆయన మొహం ఎర్రబడింది. "ఇందరిలో అంటారా ఆ మాట?"

"ఎవడన్నాడు దిక్కులేనిదని? ఆ మాట ఎవరూ అనకూడదనే కదా మా అమ్మ నా నోరు కట్టేసింది. వరసకి నేనావిణ్ణి అత్తా అనాలి. పిన్నీ అనమంది. అత్తా అంటే పరాయిదైపోతాది, నా చెల్లెలు పరాయిది కాదు అంది. పిలిచి పిలిచి అదే నిజమైపోయింది. లంకలో ఉన్నంతకాలం అందరికీ తెలుసు. లంక కొట్టుకుపోయేక తలో దిక్కూ పోయేం, తెలిసినోళ్ళు పోయేరు."

వాళ్ళవైపు నుంచి ఒక పెద్దావిడ, దావీదు గారి భార్య సుగుణమ్మ గారు, గట్టిగానే అంది. "ఏవండీ, పెళ్ళి చెడిపోకూడదని చెప్తున్నారేమోనండి. ఇప్పుడెవరు చూసొచ్చేరు?"

నిజం చెప్పాలంటే నాక్కూడా ఆ అనుమానం వచ్చింది. నాకు తెలియని అప్పన్న ఎక్కణ్ణించి ఊడిపడ్డాడా అనుకున్నాను. పెద్దమ్మకి మాత్రం కోపం రాలేదు. తమ్మెలు కొంచెం ఊగాయి, అంతే.

"బాబూ, నిన్ను పెంచింది మీ అమ్మమ్మేనంటున్నావు కదా. ఎర్రయ్య అనే పేరు ఎప్పుడన్నా చెప్పిందా?"

దావీదు గారి మొహం మారిపోయింది. "ఎర్రయ్య బావా?" అన్నాడు. "ఎందుకు చెప్పలేదండి! మాకు ఈత నేర్పేటప్పుడల్లా చెప్పేదండి. ఎర్రయ్య బావ నన్ను పడవలోంచి గోదాట్లోకి తోసేసి, ఒడ్డుకొస్తే జీళ్ళు కొనిపెడతానన్నాడు, అలా నేర్చుకున్నాను అనేదండి. ఆ బావకే ఇచ్చి చేద్దామనుకున్నారంట. ఈవిడే వద్దందంట, కాపురంలో కూడా ఎక్కడో తోసేస్తాడని."

పందిట్లో ఎవరో ముసిముసిగా నవ్వారు.

"ఆ ఎర్రయ్య ఎవరో తెలుసునా?" అంది పెద్దమ్మ.

"తెలీదండి. బావ అనేది, అంతే."

"నూకాలి పెద్దకొడుకు. మా అమ్మకి సొంత అన్న. మా మేనమామ. సుందరాన్ని అడుగు, ఎర్రయ్య తాత తెలీని వాళ్ళు మా ఇంట్లో లేరు. ఇప్పుడు నువ్వే చెప్పు. మా అమ్మా, మీ అమ్మమ్మా ఒక కడుపున పుట్టినవాళ్ళయితే, మా అమ్మకి అన్నయ్యేవాడు మీ అమ్మమ్మకి బావెలాగయ్యేడు? అన్నకి చెల్లెల్నిచ్చి పెళ్ళి చేద్దామని ఏ తల్లన్నా అనుకుంటాదా?"

నేను చూస్తుండగానే పందిట్లో వాళ్ళందరి పెదాలూ కదలడం మొదలుపెట్టాయి. మళ్ళీ లెక్క. మేనమామ కూతురూ, మేనత్త కూతురూ వదినామరదళ్ళు. వాళ్ళ కూతుళ్ళూ వదినామరదళ్ళే. వాళ్ళ కొడుకులు బావా బావమరుదులు. బావా బావమరుదుల పిల్లలు?

సుగుణమ్మ గారు ఇంకో మెలిక పెట్టింది. "అయినా ఒకే తల్లి పాలు తాగేరు కదండి. పాలు తాగితే అక్కచెల్లెళ్ళే అంటారు మావైపు."

పెద్దమ్మ మా దొడ్డి వైపు చెయ్యి చూపించింది. "అలాగయితే అమ్మాయీ, ఈ ఇంట్లో అందరం ఆ గేదెకి పిల్లలమే. దాని దూడకి చెప్పి రా, పెళ్ళికి పిలుస్తాం."

సుగుణమ్మ గారే ముందు నవ్వింది. తర్వాత అందరూ. దావీదు గారు మాత్రం నవ్వలేదు. చెయ్యి ఇంకా పెద్దమ్మ చేతిలోనే ఉంది. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదుగా కారి, తెల్ల చొక్కా మీద పడుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

"ఆవిడకి తెలుసునా అండి? కన్నకూతుర్ని కాదని?"

"తెలుసు. తెలిసే మా అమ్మని అక్కా అంది. అది ఆవిడ ఇష్టం."

ఆయన చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు. అందరం ఆయన నోటి వంకే చూస్తున్నాం. ఆయన పెద్దమ్మా అంటే ఒక దారి, ఇంకోటి అంటే ఇంకో దారి. అనిల్ చేతులు కట్టుకుని, ఇసక చూస్తూ నిలబడ్డాడు.

"ఆయ్" అన్నాడు దావీదు గారు ఆఖరికి. "అయితే ఇంతసేపూ మిమ్మల్ని తప్పు పిలుస్తున్నానండి. క్షమించండి అత్తగారూ."

అత్తగారూ అనేటప్పటికి పాస్టరు గారు బైబిలు మళ్ళీ తెరిచారు. రత్నం ఉంగరాల పళ్ళెం తీసుకుని, దాన్ని ఎందుకు తీసుకుందో మర్చిపోయి, వంటింట్లోకి పట్టుకెళ్ళిపోయింది. ఎవరో వెళ్ళి వెనక్కి తెచ్చారు. దావీదు గారు లేచి సుందరాన్ని కావలించుకుని "బావా" అన్నాడు. అంతవరకూ నన్ను "అక్కగారూ" అంటున్నాడు. పెద్దమ్మ నా వైపు వేలు చూపించి, "దీంతో జాగ్రత్త బాబూ. ఇప్పుడు ఇది నీకు వదిన. తిట్టినా పడాలి" అంది. ఆయన పడ్డాడు కూడా. ఇప్పటికీ పడుతున్నాడు.

భోజనాలయ్యాక నేను పెద్దమ్మ పక్కన చేరి, "మాకు కూడా చెప్పలేదేం?" అని అడిగాను.

"మా అమ్మ పోయి నలభై ఏళ్ళయినా ఆవిడ మాట నిలబెట్టేను. ఇవాళ తప్పేను. పైకెళ్ళేక ఆవిడ నాకు చెంపలు వాయిస్తాది" అంది. కరుణ వైపు చూసి, "వాయించనీ. పిల్ల ఇక్కడ నవ్వుతోంది కదా" అంది. తర్వాత పందిరంతా ఒకసారి కలియజూసి, చేతిలో పూతరేకు పొడి దులుపుకుంది. "ఇంతమంది విన్నారు. నేను పోయేక ఎవడన్నా వాగితే వీళ్ళు చెప్పాలి. వీళ్ళ పేర్లు గుర్తుపెట్టుకో."

పెట్టుకున్నాను. కొత్తపేట నుంచి వచ్చి పప్పు కలుపుకున్నావిడ ఇది చదివినా సరే, ఎవరి చేతన్నా చదివించుకున్నా సరే. ఆ రోజు మా పందిట్లో ఉండి, చెవులారా విన్నవాళ్ళు వీళ్ళు.

మా తమ్ముడు సుందరం, ఆ తర్వాత పెద్దమ్మ కాళ్ళు పట్టుకుని లేవనన్నవాడు. వాడి భార్య రత్నం. అబ్బాయి తండ్రి యోనా గారు, ఆ రోజంతా కలిపి "మంచిదండి" అని ఒక్క మాట అన్నాడు. ఆయన భార్య ఎలీసమ్మ. దావీదు గారు, సుగుణమ్మ గారు, వాళ్ళ కోడలు సునీత. పాస్టరు గారు, పాస్టరమ్మ గారు. మా వీధి మొదట్లో ఉండే సత్యవతి గారు, వాళ్ళు హిందువులు, వరసల విషయంలో మాకంటే గట్టివాళ్ళు, ఆవిడే వేళ్ళ మీద రెండుసార్లు లెక్కేసి సరిపోయిందన్నారు. వంటకి వచ్చిన మంగ, గరిటెతో సహా వచ్చి నిలబడి విన్నది, ఆ రోజు పులుసు అందుకే మాడింది. నేను, మరియమ్మని. అనిల్. కరుణ. పెళ్ళికొడుకు వాళ్ళని తీసుకొచ్చిన ఆటో అబ్బాయి వెంకన్న. వాడు స్తంభానికి ఆనుకుని మొత్తం విని, అందరూ నవ్వుతుంటే అర్థం కాక, "అయితే పెళ్ళి ఉన్నట్టేనా అండి? వచ్చే వారానికి బండి ఖాళీ ఉంచుకోనా?" అని అడిగాడు.

పెద్దవాళ్ళం అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం. కరుణ చెప్పింది.

"ఉంది, రా."